కొంచెం చెమ్మ

కాగితాల వ్యాపారికి అసలైన శత్రువు తడి. ఎలుక ఒక మూల కొరికితే ఆ మూల కోసేసి మిగతాది చిన్న సైజు కింద అమ్ముకోవచ్చు. నిప్పంటుకుంటే కళ్ళకి కనబడుతుంది, నలుగురూ పరిగెత్తుకొస్తారు. తడి అలా కాదు. నేలలోంచో గోడలోంచో చప్పుడు చెయ్యకుండా వచ్చి రీము నడిమధ్యలో కూర్చుంటుంది. పైన చెయ్యి వేసి చూస్తే సరుకు భేషుగ్గా ఉంటుంది. కొన్నాయన తీసుకెళ్ళి మెషిన్ మీద పెట్టాక షీట్లు అలల్లా లేస్తాయి. అప్పుడాయన ఫోన్ చేసి మనతో మాట్లాడే భాష ఇక్కడ రాయలేను.

అందుకని మా గోడౌన్లో కట్టలన్నీ చెక్క దిమ్మెల మీద, గోడకి జానెడు ఎడంగా ఉంటాయి. తాగే నీళ్ళ సీసా కూడా లోపలికి తేకూడదు. గొడుగులు బయటే పెట్టాలి. చేతులు తుడుచుకోకుండా ఆర్ట్ పేపర్ ముట్టుకున్నవాణ్ణి ఆ రోజంతా బండి తోయడానికే పెడతాను. ఇది మా నాన్న పద్ధతి. ఆయన తరవాత నాది. గోడౌన్ పైనే మా ఇల్లు. పిల్లలు లేరు కాబట్టి ఇంట్లో ఉండేవి రెండు గొంతులే, నాదీ మా ఆవిడదీ. అందులో ఎక్కువ భాగం నాదే. పగలు బేరం, రాత్రి గురక.

గురక అని నేననేవాణ్ణి. ఆవిడ మాత్రం, మధ్యలో ఊపిరి ఆగిపోతోందండీ, డాక్టరుకి చూపించుకోండి అని చాలాకాలంగా చెబుతూ వచ్చింది. మనిషి ఊపిరి ఆగితే పోతాడు, నేను పోలేదు కాబట్టి ఆగలేదు అని నా లెక్క. ఆఖరికి ఒకసారి కొట్లో ఖాతాదారు ఎదురుగా కూర్చుని ధర చెబుతూ చెబుతూ నిద్రపోయాను. మెలకువ వచ్చేసరికి ఆయన తనకి నచ్చిన ధర తనే చెప్పుకుని, నేను తల ఊపానని సాక్ష్యం కూడా చూపించాడు. ఆ వారమే డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఒంటికి వైర్లు అంటించి పడుకోబెట్టి చూశారు. ఆవిడ చెప్పింది నిజమే. నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగుతోందట, మళ్ళీ మళ్ళీ ఆగుతోందట. సీపాప్ మెషిన్ పెట్టుకోమన్నారు. అది ముక్కుకి కట్టుకున్న మాస్కులోంచి రాత్రంతా గాలి ఊదుతూ గొంతు మూసుకుపోకుండా చూస్తుంది.

మెషిన్లు అమ్మే అమ్మాయి ఓపిక గలది. ఇది మోటారు, ఇది గొట్టం, ఇది మాస్కు అని ఒక్కొక్కటీ చేతికిచ్చి చూపించింది. చివర్న ఒక ప్లాస్టిక్ డబ్బా తీసింది. ఇది హ్యుమిడిఫయర్ అంది. దీంట్లో గీత దాకా డిస్టిల్డ్ వాటర్ పోసి మెషిన్‌కి తగిలిస్తే, నీళ్ళు గోరువెచ్చగా కాగి, వెళ్ళే గాలికి కాస్త చెమ్మ ఇస్తుందట. నీళ్ళు లేకపోతే మెషిన్ నడవదా అని అడిగాను. నడుస్తుందండీ, కానీ, అని ఆగింది. మా వ్యాపారంలో "కానీ" తరవాత వచ్చేదంతా ఇంకొకటి అంటగట్టడానికే. నడుస్తుంది అన్న మాట వరకు విన్నాను. డబ్బా మెషిన్‌తో పాటే వచ్చింది కాబట్టి తెచ్చుకుని, దాని కవరు కూడా విప్పకుండా బీరువా మీద పెట్టాను. పక్క మీద, దిండు పక్కన, కరెంటు వస్తువులో నీళ్ళు పోసి నిద్రపొమ్మంటే కాగితాలు అమ్మేవాడికి ఎలా ఉంటుంది? కింద గోడౌన్, పైన నీళ్ళు. ఆ ఆలోచనకే నాకు చెమట పట్టింది.

డబ్బా పెట్టుకోమని ఆవిడ మొదటి రోజే చెప్పింది. మర్నాడూ చెప్పింది. పొడిగాలి, పొడి సరుకు, ఏ ఇబ్బందీ లేదన్నాను.

"మీరు కాగితం కాదు కదండీ," అంది.

నవ్వి ఊరుకున్నాను. పొడిగాలి మాత్రం నవ్వలేదు. తెల్లారేసరికి నోరు పిడచకట్టుకుపోయేది. నాలుక అంగిలికి అంటుకుంటే ఊడదీసుకోవాల్సి వచ్చేది. ముక్కులో ఇసుక పోసినట్టు ఉండేది. మధ్యలో లేచి నీళ్ళు తాగడం, మాస్కు మళ్ళీ కట్టుకోవడం, అది సరిగ్గా కూర్చోక పక్కనించి ఈల వెయ్యడం. ఏదో ఒక వేళ తెలియకుండానే మాస్కు పీకి అవతల పడేసేవాణ్ణి. మళ్ళీ గురక. అంటే, ఇదివరకు ఆవిడకి గురక ఒక్కటే. ఇప్పుడు గురకా, ఈలా, లైటు వెయ్యడం, ఆర్పడం. సుఖానికని తెచ్చిన సరుకు ఇంట్లో ఉన్న కాస్త సుఖాన్నీ తినేసింది.

అలా ఉండగా మా మరదలు మోకాలు ఆపరేషన్ చేయించుకుంది. ఊరికి అవతలి వైపు మూడో అంతస్తులో ఒక్కతే ఉంటుంది. చెల్లెలికి సాయంగా మా ఆవిడ వెళ్ళింది. చిన్న సంచీతో వెళ్ళింది. కొన్నాళ్ళ తరవాత ఇంకొంచెం బట్టలు కావాలని మనిషిని పంపింది. నేనే సర్ది ఇచ్చాను. ఆ తరవాత ఒక శాలువా అడిగింది. వ్యాపారంలో సరుకు కొద్దికొద్దిగా మన గోడౌన్లోంచి ఇంకో గోడౌన్‌కి మారుతోందంటే దాని అర్థం ఏమిటో నాకు తెలుసు. తెలిసినా శాలువా పంపించాను.

ఫోన్లో మాట్లాడుకునేవాళ్ళం. తిన్నారా, తిన్నాను. మందులేసుకుందా, వేసుకుంది. ఎప్పుడొస్తున్నావు అని నేను అడగలేదు. తనంతట తను వెళ్ళింది, తనంతట తనే వస్తుంది అని పంతం. అవసరం ఉన్నట్టు కనబడితే అవతలివాళ్ళు బిగుసుకుంటారు, అది నా బతుకంతా చూసిన సంగతి. ఒకరోజు ఆవిడ స్నానానికి వెళ్ళిందని ఫోన్ మా మరదలు ఎత్తింది. మీ అక్క ఎలా ఉంది అంటే నవ్వింది.

"అక్కకేం బావగారూ, మహారాణిలా ఉంది. మంచం ఎక్కితే తెల్లగా తెల్లారేదాకా లేవదు. నాకు సాయం చెయ్యడానికొచ్చి, నేను కర్ర పట్టుకుని కుంటుకుంటూ వెళ్ళి దాన్ని లేపుతున్నాను. మీ రైలుబండి ఇక్కడిదాకా వినబడదు కదా మరి."

నేనూ నవ్వాను. ఫోన్ పెట్టేశాక నవ్వు రాలేదు. అవతలి కొట్లో ఏం అమ్ముతున్నారో అప్పుడు తెలిసింది. నిద్ర. నా దగ్గర ఆ సరుకు లేదు. ఉన్నచోటు వదిలి లేనిచోటుకి ఎవరొస్తారు? ఆవిడ తిరిగి రావాలంటే నేను ఇవ్వాల్సింది చప్పుడు లేని గది. ఆ గది ఇవ్వగలిగితే వస్తుంది, లేకపోతే శాలువా తరవాత దుప్పటి కూడా అడుగుతుంది. నాకు అర్థమైన లెక్క అది.

అర్థమైంది గాని ఆ రాత్రి కూడా మాస్కు పీకి పడేశాను. ఇప్పుడు ఇంకో చిత్రం ఏమిటంటే, గురక పెట్టానో లేదో కూడా నాకు తెలిసే దారి లేదు. వినే మనిషి లేనప్పుడు అది గురకేనా? పొద్దున లేస్తే పక్కన సగం మంచం పరిచినట్టే ఉండేది, దుప్పటి మడత నలిగేది కాదు. వంటగదిలో ఒక గ్లాసు కడిగి బోర్లిస్తే సాయంత్రం దాకా అదే గ్లాసు. మేడ మీద నా చెప్పుల చప్పుడు నాకే వినబడేది. కిందికి వచ్చి కొట్టు తీస్తే గొంతు పెగిలేది కాదు. బేరంలో గొంతు బొంగురుపోతే అవతలివాడు మన పట్టు సడలిందనుకుంటాడు. ధర చెప్పేముందు దగ్గు, చెప్పాక దగ్గు. నేను దగ్గిన ప్రతిసారీ వాళ్ళు కొంచెం తగ్గించి అడిగేవారు.

అప్పుడే ఎండలు ముదిరాయి. కార్డుల ప్రెస్సాయన వచ్చాడు. మా దగ్గర చాలాకాలంగా కొనే మనిషి, మాట కటువు, చెయ్యి మంచిది. మడత కార్డులు అచ్చు వేస్తాడు. సంచీలోంచి కార్డులు తీసి నా బల్ల మీద పేకముక్కల్లా పరిచాడు. ప్రతి కార్డూ మడత దగ్గర పగిలి, రంగు లేచిపోయి, లోపలి తెలుపు కనబడుతోంది. ఈ అట్ట నాసిరకం, వెనక్కి తీసుకోవాలి అన్నాడు.

ఇలాంటప్పుడు ఏం చెప్పాలో నాకు కొట్టిన పిండి. అట్టలో దోషం లేదు, మీ గదిలో ఉంది అన్నాను. రేకుల కప్పు కింద పొద్దస్తమానం ఫ్యాన్లు తిప్పి కాగితాన్ని అప్పడంలా ఎండబెడుతున్నారు. కాగితం కూడా ఒంట్లో కాస్త చెమ్మ ఉంటేనే వంగుతుంది. చెమ్మ చచ్చిపోతే మడత పెట్టినచోట పగులుతుంది. గదిలో ఒక తొట్టినిండా నీళ్ళు పెట్టండి, తడిపి పిండిన గోనెపట్టా వేలాడదీయండి, అట్టని ఒక పూట అక్కడ ఉండనిచ్చి అప్పుడు మడవండి, ఇంకా పగిలితే అప్పుడు నన్ను అడగండి అన్నాను. ఇందులో అబద్ధమేమీ లేదు. మరి తడి శత్రువన్నావు కదా అని మీరు అడగవచ్చు. తడిసిన కాగితం అమ్మేవాడి తలనొప్పి. ఎండిన కాగితం కొన్నవాడి తలనొప్పి. నేను అమ్మేవాణ్ణి.

ఈ మాటలు చెబుతుండగా నాకు మూడుసార్లు గొంతు పట్టేసింది. ముక్కు తుడుచుకుంటే రుమాలుకి ఎర్రగా అంటింది. ప్రెస్సాయన కార్డులు వదిలేసి నా మొహం చూడటం మొదలుపెట్టాడు.

"అయ్యా, నా కార్డుల సంగతి సరే. మీ పెదాలు అద్దంలో చూసుకున్నారా? అవీ మడత దగ్గరే పగిలాయి."

ఏదో మెషిన్ పెట్టారు, పొడిగాలి, దాని మూలంగా, అని నీళ్ళు నమిలాను. సీపాపేనా అన్నాడు. వాళ్ళ మామగారికి ఉందట. దానికి నీళ్ళ డబ్బా ఉండాలే అన్నాడు. ఉంది, బీరువా మీద ఉంది అన్నాను. ఎందుకుందక్కడ అన్నాడు. చెప్పాను. కింద సరుకు ఉందనీ, నీళ్ళంటే నాకు మొదటినించీ పడదనీ చెప్పాను. ఆయన నవ్వడం మొదలుపెట్టి, నిలబడలేక రీముల కట్ట మీద కూర్చున్నాడు. మామూలుగా అయితే నా సరుకు మీద ఎవరినీ కూర్చోనివ్వను.

"నా ప్రెస్సులో తొట్టి పెట్టించే మనిషికి, సొంత ముక్కు కింద చెంబెడు నీళ్ళు పెట్టుకోవడానికి చేతులు రాలేదా?"

అని, కార్డులు సంచీలో వేసుకుని, సరుకు వెనక్కి ఇచ్చే ఊసు కూడా ఎత్తకుండా నవ్వుకుంటూనే వెళ్ళిపోయాడు. బేరం నేను గెలిచాను. గెలిచిన బేరం అంత చేదుగా ఉండటం నాకు కొత్త.

ఆ సాయంత్రం డబ్బా కిందికి దించాను. కడిగి, గీత దాకా నీళ్ళు పోశాను. మెషిన్లో చెమ్మ ఎంత కావాలో పెంచుకోవడానికి అంకెలు ఉంటాయి. ఇచ్చినప్పుడు పూర్తిగా వాడుకోవడం న్యాయం అనిపించి ఆఖరి అంకె పెట్టాను. గదిలో ఏసీ ఎప్పుడూ గట్టిగానే పెట్టుకుంటాను. కాసేపు గాలి మెత్తగా, వేడినీళ్ళ గది తలుపు సందులోంచి వచ్చినట్టు హాయిగా వచ్చింది. తరవాత గొట్టంలో గుడగుడ మొదలైంది. హుక్కా పీలుస్తున్నట్టు ఒకటే చప్పుడు. ఇంతలో మాస్కులోంచి చల్లటి నీళ్ళు ముక్కులోకి చిమ్మాయి. ఉక్కిరిబిక్కిరై లేచి కూర్చున్నాను. అనుకున్నంతా అయింది, సరుకు తడిసింది అనుకున్నాను. డబ్బాని మళ్ళీ బీరువా మీదికి పంపేసేవాణ్ణే. కానీ గొట్టం చేత్తో పట్టుకుంటే చల్లగా తగిలింది, లోపలివైపు చెమట పట్టినట్టు బొట్లు కనిపించాయి. అవి చూస్తే నాకు లారీ గుర్తొచ్చింది.

చలికాలంలో దూరం నుంచి లారీ మీద వచ్చిన కట్టలు మంచులా చల్లగా ఉంటాయి. వాటిని దించగానే వెచ్చటి కొట్లో ప్లాస్టిక్ కవరు చింపితే, కాగితం మీద గదిలోని ఆవిరంతా నీళ్ళై కూర్చుంటుంది. కొత్తగా వ్యాపారంలోకి వచ్చినవాళ్ళు ఆ తప్పు చేస్తారు. తెలిసినవాళ్ళు కవరు విప్పకుండా కట్టని ఒక పూట కొట్లో కూర్చోబెడతారు. గది వెచ్చదనం దానికి పట్టాక విప్పుతారు. వెచ్చటి చెమ్మ చల్లటి ఒంటికి తగిలితే నీరవుతుంది, అంతే. నా గొట్టం కూడా చల్లటి కట్టే. ఏసీ కొంచెం తగ్గించాను. అంకెని సగానికి దించాను. కట్టలకి చుట్టే మెత్తటి నూలుగుడ్డ చీలికలు కోసి గొట్టం పొడుగునా చుట్టాను. అప్పటికీ ఏమైనా నీరు చేరితే వెనక్కి డబ్బాలోకే జారేట్టు మెషిన్‌ని మంచం కన్నా కింద, చిన్న పీట మీద పెట్టాను. మర్నాడు మెషిన్ల అమ్మాయికి ఫోన్ చేసి ఇలా చేశానంటే, అంతా బాగానే ఉందండీ, రోజూ పాత నీళ్ళు పారబోసి డబ్బా కడుక్కోండి, మరిచిపోకండి అంది.

ఆ తరవాత ఒక పొద్దున మెలకువ వచ్చేసరికి కిటికీ పరదా అంచున ఎండ పడుతోంది. మాస్కు ముక్కు మీదే ఉంది. నాలుక నోట్లో తనంతట తనే తిరిగింది. ముక్కులో మంట లేదు. మాస్కు తీసి, గొంతు ఎలా ఉందో చూద్దామని, "ఏమోయ్," అన్నాను. స్పష్టంగా, కుర్రప్పటి గొంతులా వచ్చింది. గది నాలుగు గోడలకీ తగిలి నా దగ్గరికే వచ్చింది. వంటగదిలోంచి ఎప్పుడూ వచ్చే "ఆ, వస్తున్నా" రాలేదు. రాదని తెలుసు. తెలిసే పిలిచాను. అయినా కాసేపు అలాగే విన్నాను. ఒళ్ళంతా తేలిగ్గా ఉంది, బుర్ర తేటగా ఉంది. ఇన్నాళ్ళూ మగతలో సగం సగం కనబడిన ఇల్లు ఆ పొద్దున మొత్తం కనబడింది. ఎంత పెద్దదో తెలిసింది.

అలా ఇంకొన్ని రోజులు గడిచాక, ఇక సరుకు సిద్ధంగా ఉంది, బేరానికి వెళ్ళవచ్చు అనుకున్నాను. నమూనా లేకుండా బేరానికి వెళ్ళడం నాకు చేతకాదు. ఎంత నమ్మకమైన ఖాతాదారైనా కాగితం వేళ్ళ మధ్య నలిపి చూశాకే మాట్లాడతాడు. మెషిన్ దాని సంచీలో సర్ది, డబ్బా ఖాళీ చేసి తుడిచి, డిస్టిల్డ్ వాటర్ సీసా విడిగా పట్టుకుని, మధ్యాహ్నం బస్సెక్కి మా మరదలి ఇంటికి వెళ్ళాను.

తలుపు మరదలే తీసింది, కర్ర సాయంతో. సంచీ చూసి, బావగారు ఇక్కడే కాపురం పెట్టడానికి వచ్చారే అంది. ఆవిడ లోపల కిటికీ దగ్గర ఉతికిన బట్టలు మడతపెడుతోంది. నన్ను చూసి లేచింది. ఒళ్ళు చేసింది, కళ్ళ కింద నలుపు పోయింది. ఎన్నేళ్ళుగానో ఆ నలుపు ఆవిడ మొహంలో భాగమే అనుకున్నాను. ఎండలో వచ్చారే అంది. నీకో సంగతి చూపిస్తాను కూర్చో అన్నాను.

హాల్లో సోఫా పక్కన పీట వేసి మెషిన్ పెట్టాను. నీళ్ళు పోశాను. గొట్టం తగిలించాను. ఇంతకుముందు పొడిగాలి ఎందుకు పడలేదో, చెమ్మ ఎంత ఉండాలో, గొట్టానికి గుడ్డ ఎందుకు చుట్టానో, ప్రెస్సాయన ఎలా నవ్వాడో, అన్నీ వరసగా చెప్పాను. అమ్మేటప్పుడు నా మాట బాగుంటుంది. మాస్కు కట్టుకుని సోఫా మీద వెల్లకిలా పడుకున్నాను. మరదలు ఏనుగు తొండం అని నవ్వి, ఆ నవ్వు ఆపుకోలేక టీ పెడతానని కుంటుకుంటూ వంటగదిలోకి వెళ్ళింది. మెషిన్ నడుస్తోంది. చప్పుడు లేదు. నేను చేత్తో సైగ చేశాను, విను, ఏమైనా వినబడుతోందా అని.

ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. చాలాసేపు విన్నది. బాగుంది, చప్పుడు లేదు అంది. ఆ తరవాత, "నీళ్ళు పోయమని నేనెన్నిసార్లు చెప్పాను? ప్రెస్సాయన చెబితే పోశారు," అంది.

జవాబు చెప్పడానికి నోరు తెరిచాను. ఈ ముక్కు మాస్కుతో ఒక ఇబ్బంది ఉంది. నోరు తెరిస్తే ముక్కులోంచి వెళ్ళే గాలంతా నోట్లోంచి తన్నుకొస్తుంది, మాట రాదు. బుస్సుమని శబ్దం వచ్చింది. నోరు మూసుకున్నాను.

"ఉండనివ్వండి, తియ్యకండి," అంది. "మీ గురకకి భయపడి నేనిక్కడ ఉన్నాననుకుంటున్నారు. గురక ఉన్నంతసేపూ నాకు హాయిగానే నిద్రపట్టేది. అది ఆగినప్పుడే మెలకువ వచ్చేది. ఆగగానే లేచేదాన్ని. భుజం మీద చెయ్యి వేస్తే మీరు అటు తిరిగేవారు, ఊపిరి అందుకునేది. అంతే. పగలు నేనేం చెప్పినా మీరు బేరం ఆడతారు. కూర దగ్గర్నుంచి డాక్టరు దాకా. చెయ్యి వేస్తే మాత్రం మారుమాట లేకుండా తిరిగేవారు. నా మాట మీరు విన్నది ఆ ఒక్కచోటే."

గొట్టంలో గాలి నడుస్తోంది.

"ఇప్పుడా పని ఇది చేస్తుంది. మంచిదే, నాకంటే బాగా చేస్తుంది. నాకూ ఇక్కడ నిద్ర పడుతోంది. మరి నేను అక్కడికొచ్చి ఏం చెయ్యాలి?"

వంటగదిలో చెంచా చప్పుడు ఆగిపోయింది. నా బుర్ర మాత్రం అలవాటు ప్రకారం పనిచేస్తూనే ఉంది. జవాబులు వరసగా వచ్చాయి. రోజూ డబ్బా కడిగి నీళ్ళు పోసే పని నువ్వు చూసుకో అనవచ్చు. నువ్వు లేకపోతే నాకు ఇది సరిగ్గా పెట్టుకోవడం రావడం లేదు అనవచ్చు. ఆవిడకి ఒక పని చూపిస్తే వస్తుంది, ఆ సంగతి నాకు తెలుసు. ఎవరికి ఏది కావాలో చూసి అది చేతికందించడమే నేను ఇన్నాళ్ళూ చేసింది. కాకపోతే అది ఎండిన అట్టని మంచి అట్ట అని అమ్మడం లాంటిది. అమ్మిన రోజు తెలీదు. మడత పెట్టినప్పుడు తెలుస్తుంది.

మాస్కు తీశాను. మెషిన్ ఆపాను. లేచి కూర్చున్నాను.

"నీళ్ళు నేనే పోసుకుంటున్నాను. డబ్బా నేనే కడుక్కుంటున్నాను. వంట కూడా, రుచి మాట పక్కన పెడితే, నడుస్తోంది," అన్నాను. "అక్కడ నీకు పనేం లేదు."

ఆవిడ తల దించుకుని ఒళ్ళోని తువ్వాలు అంచులు సరిచేసింది.

"అయినా రా," అన్నాను.

ఇంకేమైనా చెబుతానేమో అని చూసింది. బేరంలో ఆఖరి మాట చెప్పేశాక ముందుగా మాట్లాడినవాడు ఓడిపోతాడని నేను నలుగురికీ చెబుతుంటాను. అప్పుడు మాత్రం ఓడిపోయినా ఫరవాలేదు, ఎవరో ఒకరు మాట్లాడితే చాలు అనిపించింది.

"చెల్లి మెట్లు దిగేదాకా నేను రాను," అంది చివరికి.

సరే అన్నాను.

"ఆ తరవాత వస్తానని కూడా చెప్పడం లేదు."

దానికీ సరే అన్నాను. ఆ సరే కొంచెం ఆలస్యంగా వచ్చింది.

"ఆదివారం రండి. ఆ సంచీ లేకుండా. చూపించడానికి ఏమీ తీసుకురాకండి. ఊరికే రండి."

ఆదివారం ప్రెస్సులకి సెలవు. అందుకని ప్రెస్సుల వాళ్ళంతా కాగితం కొనడానికి ఆదివారమే వస్తారు. వారం మొత్తం ఒక ఎత్తు, ఆ రోజు ఒక ఎత్తు. మా నాన్న చనిపోయిన ఆదివారం తప్ప మా కొట్టు ఏ ఆదివారమూ మూతపడలేదు. వచ్చిన వాళ్ళందరికీ పైనుంచి టీలు పంపింది ఆవిడే. ఆ రోజు విలువ ఎంతో ఆవిడకి నా అంత బాగా తెలుసు. తెలిసే అడిగింది.

"సాయంత్రం రానా?" అన్నాను.

"పొద్దున్నే."

"సరే."

మరదలు టీ గ్లాసులు పట్టుకోలేక వంటగది గుమ్మం దగ్గరే నిలబడి, "బావగారు బేరం ఆడకుండా ఒప్పుకున్నారా అక్కా?" అంది.

"ఒకసారి ఆడారు," అంది ఆవిడ, లేచి గ్లాసులు అందుకుంటూ.

టీ తాగి వచ్చేశాను. ఆవిడ మెట్ల దాకా వచ్చింది, కిందికి రాలేదు. బస్సులో సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. బరువేమీ లేదు గాని ఇల్లు చేరేదాకా మోస్తున్నట్టే ఉంది. డబ్బాలో నీళ్ళు మార్చుకుని, మాస్కు కట్టుకుని, మంచంలో నా సగంలో పడుకున్నాను. నిద్ర బాగానే పట్టింది. అదే కష్టంగా అనిపించింది.

శనివారం సాయంత్రం ఒక అట్టముక్క మీద "రేపు సెలవు" అని పెద్ద అక్షరాలతో రాసి షట్టరుకి వేలాడదీశాను. ఎదురు వరసలో స్టేషనరీ కొట్టాయన అది చదివి, రోడ్డు దాటి వచ్చాడు. మొహం దిగాలుగా పెట్టుకుని, ఎవరైనా పోయారా అని నెమ్మదిగా అడిగాడు.

లేదన్నాను. మా ఆవిడని చూడటానికి వెళుతున్నానన్నాను. ఒంట్లో బాగాలేదా అన్నాడు. బాగానే ఉంది, ఊరికే అన్నాను. ఆయన నమ్మలేదు.